ఇంటర్వ్యూలో తప్పు దొర్లితే ఏం చేయాలి: ‘ఫ్రెండ్స్’ చూసి నేర్చుకోదగ్గవి

న్యూయార్క్‌లో ఉండే ఆరుగురు స్నేహితుల (రేచెల్, మోనికా, ఫీబీ, జోయి, చాండ్లర్, రాస్) కామెడీ సీరియల్ ‘ఫ్రెండ్స్’ 1994 సెప్టెంబర్ 22న అమెరికాలో మొదలైంది. మొదటి ఎపిసోడ్‌లోనే రేచెల్ ఒక్కరోజులో 12 ఇంటర్వ్యూలకు తిరిగి, అన్నిచోట్లా నవ్వులపాలై వస్తుంది. వస్తూ వస్తూ సగం ధరకు దొరికాయని కొత్త బూట్లు కొనుక్కొస్తుంది. అక్కడి నుంచి 2004 మేలో ఆఖరి ఎపిసోడ్ వరకు పది సీజన్లలో ఆ ఆరుగురూ ఉద్యోగాల కోసం ఎన్నిసార్లు ఎదుటివాళ్ల ముందు కూర్చున్నారో, ఎన్నెన్ని రకాలుగా చెడగొట్టుకున్నారో చూస్తే కామెడీ అనే సంగతి మరిచిపోయి నోట్స్ రాసుకోవాలనిపిస్తుంది.

ఆ సీన్లన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. మొదటి తప్పుతో ఎవరికీ ఉద్యోగం పోదు. దాన్ని కప్పిపుచ్చుకోబోయి చేసే రెండో తప్పుతోనే మునుగుతారు. రచయితలు నవ్వు పుట్టించేదీ సరిగ్గా అక్కడే. హైదరాబాద్‌లో ఏ ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చున్నవాళ్లను అడిగినా ఇదే చెబుతారు. అభ్యర్థి తడబడితే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. తడబడ్డాక ఏం చేశాడన్నది మాత్రం గుర్తుపెట్టుకుంటారు. అందుకే ఈ గైడ్‌లో తప్పు జరగకుండా చూసుకోవడం ఎలాగో చెబుతూనే, జరిగాక ఏం చేయాలనే దానికి ఎక్కువ చోటిచ్చాం. ఉదాహరణలు ఎక్కువగా ఐటీ, కార్పొరేట్ ఉద్యోగాలవి. బ్యాంకులకూ ఆసుపత్రులకూ స్కూళ్లకూ వెళ్లేవాళ్లకు కూడా చాలావరకు పనికొస్తాయి.

1. రెజ్యూమెని కాగితం మీద చదవండి

మూడో సీజన్‌లో రేచెల్ కాఫీ షాపులో ఉద్యోగం మానేసి ఫ్యాషన్ కంపెనీలకు రెజ్యూమెలు పంపుతుంది. స్నేహితులంతా కూర్చుని కవర్లలో పెడుతుంటే, కంప్యూటర్ అన్న మాటలోనే అచ్చుతప్పు ఉందని రాస్ చూస్తాడు. అదీ తనకు కంప్యూటర్ బాగా వచ్చని చెప్పుకున్న లైన్లో! ఒక కాపీని జిరాక్స్ తీయించాక తప్పు ఎందులో ఉండదు?

ఇప్పుడు స్పెల్ చెక్ ఉంది కదా, ఇలాంటివి దొర్లవనుకుంటాం. దొర్లుతాయి. వర్డ్‌లో మామూలుగా ఉండే సెట్టింగ్ ప్రకారం, మొత్తం పెద్దక్షరాల్లో టైప్ చేసిన మాటల్ని స్పెల్ చెక్ పట్టించుకోదు. రెజ్యూమెలో హెడ్డింగులూ, కంపెనీ పేర్లూ, టూల్స్ పేర్లూ చాలామంది పెద్దక్షరాల్లోనే కొడతారు. అంటే అందరికంటే ముందు కంటపడే మాటల్లోనే తప్పు మిగిలిపోతుంది. ఇంకో రకం తప్పుంది. స్పెల్లింగ్ సరిగ్గానే ఉంటుంది, మాటే వేరు. మేనేజర్ అని రాయబోతే మేంజర్ అని పడిందనుకోండి. ఇంగ్లిష్‌లో అది గడ్డితొట్టి. స్పెల్ చెక్ గీత గీయదు.

చేయాల్సిన పని ఇది. ప్రింట్ తీసి, పెన్ను పట్టుకుని, కింది లైను నుంచి పైకి చదవండి. పైనుంచి చదివితే మీరు రాసిందే కాబట్టి కళ్లు అర్థం మీద జారిపోతాయి. కింది నుంచి చదివితే ప్రతి లైనూ కొత్తగా కనిపిస్తుంది. తర్వాత ఫోన్ నంబర్‌కి మీరే వేరే ఫోన్ నుంచి కాల్ చేసి చూడండి. మెయిల్ ఐడీకి ఒక మెయిల్ కొట్టండి. ఒక్క అంకె తప్పుపడి, కాల్ రావట్లేదేంటా అని నెలల తరబడి ఎదురుచూసేవాళ్లు ఉంటారు.

పెద్ద కంపెనీల్లో రెజ్యూమెని మనిషి కంటే ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది. రెండు కాలమ్‌ల డిజైన్, టేబుళ్లు, ఫొటో, నైపుణ్యాల పక్కన చుక్కలూ గీతలూ ఇవన్నీ దానికి అడ్డు. పరీక్ష చాలా తేలిక. పీడీఎఫ్ తెరిచి మొత్తం సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అక్కడ వరుస కలగాపులగంగా కనిపిస్తే సాఫ్ట్‌వేర్‌కీ అలాగే కనిపిస్తుంది. అయిదేళ్ల లోపు అనుభవానికి ఒక పేజీ చాలు. ఫైల్ పేరు మీ పేరు, మీరు అడుగుతున్న పని పేరు. ‘ఫైనల్ 2 న్యూ’ అని పంపకండి.

పంపేశాక తప్పు కనిపిస్తే? సరిచేసిన కాపీని ఒక్క వాక్యంతో మళ్లీ పంపండి: సవరించిన రెజ్యూమె జతచేశాను, దీన్నే పరిగణించగలరు. ఎందుకు సవరించారో చెప్పనక్కర్లేదు. ఇంటర్వ్యూ రోజే కనిపిస్తే సరైన కాపీ ప్రింట్లు మూడు పట్టుకెళ్లి వాళ్ల ముందు పెట్టండి.

2. రాసిన ప్రతి లైనుకూ అయిదు నిమిషాల సరుకు ఉండాలి

నటుడిగా అవకాశాల కోసం తిరిగే జోయి సంగతి చూడండి. తనకు ఫ్రెంచ్ అనర్గళంగా వచ్చని రెజ్యూమెలో రాసుకుంటాడు. పదో సీజన్‌లో ఫ్రెంచ్ మాట్లాడే పాత్రకు ఆడిషన్ వస్తుంది. ఫీబీకి ఆ భాష వచ్చు, కూర్చోబెట్టి నేర్పుతుంది. ఆమె ఒక్కో ముక్కా విడిగా చెబితే సరిగ్గానే పలుకుతాడు, కలిపి చెప్పమంటే ఏ భాషా కాని శబ్దాలు చేస్తాడు. తను మాత్రం ఫ్రెంచే మాట్లాడుతున్నానని పూర్తి నమ్మకం! చివరికి ఆడిషన్‌లో పరువు కాపాడటానికి ఫీబీ వచ్చి, వీడు నా తమ్ముడు, కాస్త మందబుద్ధి, ఏమనుకోకండని దర్శకుడికి ఫ్రెంచ్‌లో నచ్చజెప్పాల్సి వస్తుంది. అంతకుముందు మూడో సీజన్‌లోనూ ఇదే కథ. డాన్స్ నేర్చుకున్నానని రాసుకున్న పాపానికి, మిగతా డాన్సర్లకు నువ్వే నేర్పు అని దర్శకుడు ఒప్పజెప్పి వెళ్లిపోతాడు.

ఈ రెండో ఉదాహరణే అసలు ప్రమాదం. అబద్ధం దొరికిపోవడం ఒక ఎత్తు, దాన్ని నమ్మి మీకు పని అప్పజెప్పడం ఇంకో ఎత్తు.

టెక్నికల్ ప్యానెల్‌లో కూర్చున్నవాళ్లకు ప్రశ్నలు ఎక్కడి నుంచో రావు, మీ రెజ్యూమె నుంచే వస్తాయి. నైపుణ్యాల జాబితాలో 14 ఉంటే అందులో ఏదో మూలనున్నది పట్టుకుని తవ్వుతారు. కాబట్టి జాబితా ముందు పెట్టుకుని ఒక్కోదానికీ మూడు ప్రశ్నలు వేసుకోండి. దీన్ని నేను ఏ ప్రాజెక్టులో, దేనికి వాడాను? వాడుతుంటే ఎక్కడ ఇబ్బంది వచ్చింది, ఎలా దాటాను? ఇది కాకుండా వేరేది ఎందుకు వాడలేదు? మూడింటికీ జవాబుంటే ఉంచండి. మొదటిదానికే ఉంటే ‘పరిచయం ఉంది’ అనే విభాగంలోకి జరపండి. ఒక్కదానికీ లేకపోతే కొట్టేయండి. 14 కాస్తా ఆరుకు దిగినా నష్టం లేదు.

ఇక ఫేక్ ఎక్స్‌పీరియన్స్ సంగతి. సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లుండే అమీర్‌పేట చుట్టుపక్కల తిరిగినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. రెండేళ్లో మూడేళ్లో అనుభవం కలిపి కాగితాలు ఇప్పిస్తామనేవాళ్లు, మీ బదులు ఇంకొకరిని మాట్లాడిస్తామనేవాళ్లు ఉన్నారు. అది నీతి తప్పే, కానీ అంతకంటే ముందు లెక్క తప్పు. ఎన్ని కంపెనీలు మారినా పీఎఫ్‌కి మీ యూఏఎన్ (మీ పీఎఫ్ ఖాతాలన్నిటినీ కలిపే నంబర్) ఒక్కటే ఉండాలి. ఏ కంపెనీలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు బయటికొచ్చారో సర్వీస్ హిస్టరీలో తేదీలతో కనిపిస్తుంది. జీతం మీద పన్ను కోసి ఉంటే పన్ను శాఖ దగ్గరుండే మీ వార్షిక పన్ను రికార్డులో కోసిన కంపెనీ పేరుంటుంది. ఈ రెండూ చూపించమని అడిగితే మధ్యలో ఉన్న ఖాళీ దాచడం కుదరదు. పైగా మీరు చెప్పినవి నిజమో కాదో చూసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చాలాచోట్ల చేరిన తర్వాతే ముగుస్తుంది. పాత ఉద్యోగం వదిలేశాక, కొత్తది కూడా పోతే ఎక్కడ నిలబడతారు?

నిజంగా గ్యాప్ ఉంటే అది నేరమేం కాదు. ‘2022 మార్చి నుంచి 11 నెలలు అమ్మ ఆరోగ్యం కోసం ఇంటి దగ్గర ఉన్నాను, ఆ సమయంలో ఫలానా కోర్సు చేశాను’ అని రెండు వాక్యాల్లో తేల్చేయండి. మూడో వాక్యం వద్దు. గ్యాప్ గురించి మీరు ఎంత ఎక్కువ మాట్లాడితే వాళ్లకు అంత అనుమానం.

3. ముందురోజు

చిరునామాలో కంపెనీ పేరొక్కటే చూసి బయల్దేరకండి. ఒకే కంపెనీకి హైటెక్ సిటీలో ఒకటి, గచ్చిబౌలిలో ఒకటి, నానక్‌రామ్‌గూడలో ఒకటి ఆఫీసులుండొచ్చు. మాదాపూర్ మైండ్‌స్పేస్ లాంటి చోట బిల్డింగ్ నంబర్ తెలియకపోతే లోపలికెళ్లాక తిరగడానికే సమయం పోతుంది. మెట్రోలో వెళ్తే నీలం లైను రాయదుర్గంలో ఆగిపోతుంది, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి అక్కడి నుంచి ఆటోనో క్యాబో చూసుకోవాలి. గేటు దగ్గర ఫొటో ఐడీ, రిజిస్టర్, విజిటర్ పాస్, ల్యాప్‌టాప్ ఉంటే దాని సీరియల్ నంబర్ ఎంట్రీ. వీటికి 20 నిమిషాలు తీసిపెట్టండి. ఐడీ ఒరిజినల్ తీసుకెళ్లండి. ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఒప్పుకోని సెక్యూరిటీ వాళ్లు ఉన్నారు.

ఆలస్యమవుతుందని తెలిసిన క్షణమే హెచ్ఆర్‌కి కాల్ చేయండి. ఎంత ఆలస్యమో నిజమైన అంచనా చెప్పండి. ‘అయిదు నిమిషాల్లో అక్కడుంటా’ అని కూకట్‌పల్లి నుంచి చెప్పొద్దు. పావుగంట అనుకుంటే 25 నిమిషాలని చెప్పండి, ముందే చేరితే మంచిదే.

వీడియో ఇంటర్వ్యూ అయితే పని ఇంట్లోనే ఉంటుంది. టీమ్స్ గానీ జూమ్ గానీ ముందురాత్రే తెరిచి అప్‌డేట్ అడుగుతుందేమో చూడండి. స్క్రీన్ మీద మీ పేరు సరిగ్గా ఉందా, ఇంట్లో ఇంకెవరి పేరో పడుతోందా? వెలుగు ముఖం మీద పడాలి, కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే నల్లటి ఆకారం తప్ప ఏమీ కనిపించదు. ల్యాప్‌టాప్ మైక్‌కి సీలింగ్ ఫ్యాన్ హోరు మీ గొంతు కంటే బాగా వినిపిస్తుంది, అందుకని ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. కరెంటు పోతే రౌటర్ కూడా పోతుంది కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్‌కి ల్యాప్‌టాప్‌ని ముందే ఒకసారి కలిపి పెట్టుకోండి. వాట్సాప్ వెబ్ మూసేయండి. స్క్రీన్ షేర్ చేయమంటే మొత్తం స్క్రీన్ ఇవ్వకుండా కావాల్సిన విండో ఒక్కటే ఇవ్వండి. ఆ గంటసేపు కుక్కర్ పెట్టొద్దని ఇంట్లో చెప్పండి.

చెప్పినా విజిల్ వేస్తే ఏం చేయాలి? మాట్లాడుతున్న వాక్యం ఆపండి. విజిల్ అయ్యేదాకా ఆగి, ‘సారీ’ అని ఒక్కమాట చెప్పి, ఆగిన చోటు నుంచే కొనసాగించండి. ఇంటి పరిస్థితి వివరించడం మొదలుపెడితే జవాబు చెడుతుంది.

4. ‘మీ గురించి చెప్పండి’

దీనికి 90 సెకన్లు. ఇప్పుడేం చేస్తున్నారు, దానికి ముందు ఏం చేశారు, ఈ ఉద్యోగం ఎందుకు అనే వరుసలో చెప్పాలి. మనవాళ్లు చాలామంది ‘మైసెల్ఫ్’ అని మొదలుపెట్టి సొంతూరు, నాన్నగారి ఉద్యోగం, పదో తరగతి మార్కులు, క్రికెట్ దాకా వెళ్తారు. అవన్నీ కాలేజీలో కమ్యూనికేషన్ క్లాసులో బట్టీ పట్టించిన పాఠం. ప్యానెల్‌కి అవసరమైంది అందులో ఒక్కటీ లేదు. ‘నా పేరు ఫలానా, మూడేళ్లుగా ఇన్సూరెన్స్ క్లెయిముల సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను’ అని మొదలుపెడితే రెండో ప్రశ్న మీకు కావాల్సిన చోటే వస్తుంది.

ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. ఎవరికైనా మొదటిసారి వినడం ఇబ్బందిగానే ఉంటుంది. ‘బేసికల్లీ’, ‘యాక్చువల్లీ’ ఎన్నిసార్లు అన్నారో లెక్కపెడితే చాలు, రెండోసారికి సగం తగ్గుతాయి. బట్టీ మాత్రం పట్టొద్దు. మధ్యలో ఎవరైనా అడ్డు ప్రశ్న వేస్తే బట్టీ పట్టినవాడు మళ్లీ మొదటి నుంచి అందుకోవాల్సి వస్తుంది.

5. జవాబుల్లో ‘మేము’ తగ్గించండి

పని అనుభవం అడిగితే నాలుగు ముక్కలు చెప్పాలి. పరిస్థితి ఏంటి, అందులో మీ బాధ్యత ఏంటి, మీరేం చేశారు, ఏమైంది. మొదటి రెండింటికీ కలిపి 20 సెకన్లు. ఎక్కువ సమయం మూడోదానికి. చాలామంది తలకిందులు చేస్తారు. ప్రాజెక్టు ఏంటి, క్లయింట్ ఎవరు, టీమ్‌లో ఎంతమంది ఉన్నారని మూడు నిమిషాలు చెప్పి, తాము చేసిన పని దగ్గరకొచ్చేసరికి ‘మేము ఆ ఇష్యూ సాల్వ్ చేశాం’ అని ముగిస్తారు.

‘నేను’ అనడం మనకు గొప్పలు చెప్పుకోవడంలా అనిపిస్తుంది. అవతలివాళ్లకు మాత్రం ‘మేము’ విన్నప్పుడల్లా, ఇందులో ఇతను చేసిందెంత అనే సందేహం వస్తుంది. టీమ్ చేసింది ఒక్క వాక్యంలో చెప్పి, ‘అందులో లాగ్స్ చూసి కారణం పట్టుకున్నది నేను’ అని విడగొట్టండి. ఎదుటివాళ్లు ‘చివరికి ఏమైంది?’ అని అడిగేలోపే ఫలితం అంకెల్లో చెప్పండి: 40 నిమిషాలు పట్టే రిపోర్టు ఆరు నిమిషాలకు దిగింది.

తెలియని ప్రశ్నకు ‘అది నేను వాడలేదు, కానీ దానికి దగ్గరగా ఫలానాది వాడాను, చెప్పమంటారా?’ అనండి. ఇలా ఒక ఇంటర్వ్యూలో రెండుసార్లో మూడుసార్లో అనొచ్చు. ప్రతి ప్రశ్నకూ ఇదే అంటే మీరు వచ్చిన చోటే తప్పు.

6. నోరు జారితే

ఈ గైడ్‌కి గుండెకాయ ఇక్కడుంది, ‘ఫ్రెండ్స్’లో అద్భుతమైన ఇంటర్వ్యూ సీన్లు కూడా ఇక్కడివే.

ఎనిమిదో సీజన్‌లో చాండ్లర్ ఒక పెద్ద ఉద్యోగానికి వెళ్తాడు. కంగారు పుడితే జోకులేయడం అతని జబ్బు. ఫీబీ ముందే ప్రాక్టీస్ చేయించి, జోకులొద్దని గట్టిగా చెప్పి పంపుతుంది. ఇంటర్వ్యూ చక్కగా నడుస్తుంది, ఉద్యోగం దాదాపు ఖాయం. సరిగ్గా అప్పుడు ఇంటర్వ్యూ చేసే ఆయన బాధ్యతల గురించి మాట్లాడుతూ వాడిన ఇంగ్లిష్ మాట చిన్నపిల్లలు మలానికి వాడే మాటలా వినిపిస్తుంది. చాండ్లర్‌గా వేసిన మాథ్యూ పెర్రీ ముఖాన్ని అక్కడ ఆపి చూడండి. మాట చెవిన పడటం, నవ్వు గొంతులోకి రావడం, దాన్ని మింగడానికి దవడ బిగించడం, ఓడిపోవడం, అన్నీ కొన్ని సెకన్లలో అయిపోతాయి. డైలాగ్ లేదు. 2023లో పోయిన ఆ నటుడు ఎంత గొప్పవాడో చెప్పడానికి ఈ ఒక్క షాట్ చాలు.

గమనించాల్సింది తర్వాత జరిగేది. నవ్వాడు, సరే. ‘క్షమించండి’ అని ఊరుకుంటే ఆయన కూడా నవ్వి వదిలేసేవాడేమో. చాండ్లర్ మాత్రం తనకు ఎందుకు నవ్వొచ్చిందో, కంగారులో తను ఎలా ఉంటాడో, అసలు తను అలాంటివాడు కాదని వివరించడం మొదలుపెడతాడు. ఒక్కో వాక్యంతో ఇంకాస్త లోపలికి దిగబడతాడు. తర్వాతి సీజన్ మొదలయ్యేసరికి అతను పాత కంపెనీలోనే ఉంటాడు.

అయిదో సీజన్‌లో రేచెల్‌ది ఇంకా నాజూకైన సంగతి. రాల్ఫ్ లారెన్ ఫ్యాషన్ కంపెనీలో మిస్టర్ జెల్నర్‌తో ఇంటర్వ్యూ బ్రహ్మాండంగా అవుతుంది. బయటికొచ్చేటప్పుడు తలుపు దగ్గర ఆయన ముందుకు వంగితే ఏదో అనుకుని ముద్దు పెట్టేస్తుంది. ఇది మొదటి తప్పు. అయినా రెండోసారి పిలుస్తారు! అంటే ముద్దుతో ఉద్యోగం పోలేదన్నమాట. రెండో ఇంటర్వ్యూలో ఆయన తన పెదవి వైపు వేలు చూపిస్తే, మొన్నటి ముద్దు చూసి ఆయనకు దురుద్దేశం పుట్టిందనుకుని మండిపడి వెళ్లిపోతుంది. ఆయన చూపించింది ఆమె పెదవి మీదున్న ఇంకు మరకని. చివరికి వెనక్కి వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాకే ఉద్యోగం వస్తుంది.

ఇక మీరు చేయాల్సింది.

నోరు జారిన వెంటనే రెండు సెకన్లు ఆగండి. ముందు నీళ్ల గ్లాసుంటే ఒక గుక్క తాగండి. ఆ గుక్క మీ కోసమే, ఆ కాసేపూ నోరు మూసుకునే ఉంటుంది కాబట్టి. తర్వాత ఒకే ఒక్క వాక్యం: ‘సారీ, ఆ మాట తప్పుగా వచ్చింది, మళ్లీ చెబుతాను.’ వెంటనే పనిలోకి వచ్చేయండి. కారణం చెప్పొద్దు, మీ స్వభావం గురించి చెప్పొద్దు, పది నిమిషాల తర్వాత మళ్లీ ఆ ప్రస్తావన తేవొద్దు. ఇంటర్వ్యూ అయ్యాక మెయిల్‌లో అస్సలు రాయొద్దు.

జవాబే తప్పు చెప్పారని మధ్యలో తట్టిందనుకోండి. అప్పుడు దాచకండి. ‘ఇందాక డేటాబేస్ ఇండెక్స్ గురించి చెప్పింది సరికాదు, సరిచేయొచ్చా?’ అని అడిగి 30 సెకన్లలో చెప్పండి. తప్పు పట్టుకుని సరిదిద్దేవాడు టీమ్‌లో ఉండాలని ప్రతి మేనేజరూ కోరుకుంటాడు కాబట్టి ఇది మీకు లాభమే.

ఇంటర్వ్యూ చేస్తున్నవాళ్ల పేరు తప్పుగా పిలిస్తే సరైన పేరుతో ఇంకోసారి పిలవండి, అంతే. ముఖంలో ఏదైనా సైగ కనిపిస్తే దానికి అర్థం ఊహించకండి. వాళ్లు వాచీ చూసుకుంటే మీ జవాబు విసుగొచ్చిందని కాకపోవచ్చు, అవతల ఇంకో మీటింగ్ ఉండొచ్చు. అనుమానమైతే ‘క్లుప్తంగా ముగించమంటారా?’ అని అడగండి.

కరచాలనం విషయంలో తేల్చుకోలేకపోతే వాళ్లు చెయ్యి చాపేదాకా ఆగండి. చాపకపోతే నమస్కారం ఎప్పుడూ తప్పు కాదు. లేవడానికి ముందే ఫైలు, ఫోను, సంచీ ఎడమ చేతిలోకి తీసుకోండి. తలుపు దగ్గర జరిగే ప్రమాదాలు చాలావరకు చేతులు ఖాళీ లేకే. ఇంకోటి, చాండ్లర్ జారింది అంతా అయిపోయిందనుకున్న క్షణంలో. లిఫ్ట్‌లో ఫోన్ తీసి ‘ప్యానెల్‌లో ఒకాయనకి ఏమీ తెలీదు రా’ అని చెప్పేవాళ్లు వింటున్నదెవరో చూసుకోరు. క్యాబ్ ఎక్కేదాకా ఇంటర్వ్యూ నడుస్తున్నట్టే లెక్క.

7. తప్పు వాళ్లదైతే

మొదటి సీజన్‌లో, షెఫ్‌గా పనిచేసే మోనికా ఒక రెస్టారెంట్ పెట్టబోయే ఆయనకు తన వంట రుచి చూపించడానికి ఇంటికి పిలుస్తుంది. ఆయన గంజాయి మత్తులో వస్తాడు. వంటకాలు వచ్చేదాకా ఆగలేక చేతికందిందల్లా తినేస్తాడు. మోనికా అంత శ్రద్ధగా చేసింది రుచి చూసే స్థితిలోనే ఉండడు.

మీ ఇంటర్వ్యూకి మత్తులో ఎవరూ రాకపోవచ్చు గానీ, రెజ్యూమె చదవకుండా వచ్చేవాళ్లు, ల్యాప్‌టాప్‌లో వేరే పని చేస్తూ ‘ఊఁ’ కొట్టేవాళ్లు, అరగంట ఆలస్యంగా చేరేవాళ్లు మామూలే. రెజ్యూమె కాపీ ముందుకు జరిపి ‘ఈ రెండో ప్రాజెక్టు మీ పనికి దగ్గరగా ఉంటుంది’ అని వేలు పెట్టి చూపించండి. వీడియో కాల్‌లో 15 నిమిషాలు దాటినా ఎవరూ చేరకపోతే, స్క్రీన్‌షాట్ తీసి హెచ్ఆర్‌కి పంపి, ఇంకో 15 నిమిషాలు ఉంటానని చెప్పండి. తర్వాత మర్యాదగా బయటికొచ్చేయండి. మీరే రాలేదని రాసుకోకుండా ఆ స్క్రీన్‌షాట్ కాపాడుతుంది. పెళ్లెప్పుడు, పిల్లల్ని ఎప్పుడు కంటారు లాంటి ప్రశ్నలొస్తే ‘పనికి అడ్డొచ్చే విషయాలేవీ లేవు’ అని తిరిగి ఉద్యోగం వైపు తిప్పండి. ఆడపిల్లలకు ఈ ప్రశ్నలు ఇంకా వస్తూనే ఉన్నాయి. అలాంటి చోట చేరాలా వద్దా అన్నది కూడా అప్పుడే ఆలోచించుకోవచ్చు.

8. ఇప్పటి ఆఫీసుకు తెలియకుండా

పదో సీజన్‌లో రేచెల్‌కి ఇంకో ఫ్యాషన్ కంపెనీ గూచీ నుంచి పిలుపొస్తుంది. ఇంటర్వ్యూ ఒక రెస్టారెంట్‌లో. పక్క టేబుల్ దగ్గర ఎవరు కూర్చున్నారు? ఆమె బాస్ జెల్నర్! ఆయన చెవిన పడకుండా మాట తిప్పబోయి, ఎదురుగా ఉన్నాయన ముందు పిచ్చిదానిలా కనిపించి, ఒకే దెబ్బకు రెండు ఉద్యోగాలూ పోగొట్టుకుంటుంది. న్యూయార్క్ అంత ఊళ్లోనే అలా జరిగితే, మాదాపూర్, కొండాపూర్ కాఫీ షాపుల సంగతి చెప్పాలా? మీ టీమ్ మొత్తం అక్కడే తిరుగుతుంటుంది.

ఉద్యోగాల వెబ్‌సైట్ నౌక్రీలో మీ ప్రస్తుత కంపెనీకి ప్రొఫైల్ కనిపించకుండా బ్లాక్ చేసే వీలుంది, గ్రూపు కంపెనీల పేర్లు కూడా అందులో చేర్చండి. లింక్డ్‌ఇన్‌లో ఉద్యోగం చూస్తున్నట్టు రిక్రూటర్లకు మాత్రమే కనిపించే సెట్టింగ్ ఉంది, ఫొటో చుట్టూ ఆకుపచ్చ రింగు పెట్టుకుంటే మాత్రం అందరికీ తెలుస్తుంది. ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో, ఆఫీస్ మెయిల్‌లో, ఆఫీస్ వైఫైలో ఈ పనులేవీ వద్దు. సెలవుకి ‘సొంత పని’ అని రాస్తే చాలు. లేని జ్వరం తెచ్చుకుంటే మర్నాడు దాని కథ కూడా చెప్పాలి.

పట్టుబడితే? మేనేజర్ నేరుగా అడిగితే లేదనకండి. ‘బయట అవకాశాలు చూస్తున్నాను, ఏదైనా ఖాయమైతే మొదట మీకే చెబుతాను’ అనండి.

9. జీతం, ఆఫర్

సీటీసీ (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) అంకె వినగానే 12తో భాగించకండి. 9 లక్షల సీటీసీలో 90,000 వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చేది) అనుకుందాం. కంపెనీ వాటా పీఎఫ్ నెలకు 1,800 చొప్పున ఏడాదికి 21,600. బేసిక్ 3,60,000 అయితే గ్రాట్యుటీ కింద 4.81 శాతం, అంటే దాదాపు 17,300. ఇవి తీసేస్తే 7,71,000 మిగులుతుంది, నెలకు 64,250. అందులో మీ వాటా పీఎఫ్ 1,800, తెలంగాణలో వృత్తి పన్ను 200 పోతే చేతికి 62,250. ఆదాయపు పన్ను, ఇన్సూరెన్స్ కోతలుంటే అవి వేరు. 75,000 వస్తుందనుకుని ఈఎంఐ లెక్కలు వేసుకున్నవాళ్లు మొదటి నెలే ఇరుక్కుంటారు. అందుకని హెచ్ఆర్ రౌండ్‌లో రెండు అడగండి. ఫిక్స్‌డ్ ఎంత? వేరియబుల్ ఎప్పుడు, దేని మీద ఇస్తారు?

ఇప్పటి జీతం పెంచి చెప్పొద్దు, పేస్లిప్పులు ఎలాగూ అడుగుతారు. ఎంత కావాలని అడిగితే ఒక అంకె చెప్పి ఆగండి. వాళ్లు మౌనంగా ఉన్నారని మీరే కంగారుపడి తగ్గించేయకండి. నోటీస్ పీరియడ్ 90 రోజులైతే 90 అనే చెప్పండి. 30 రోజుల్లో వచ్చేస్తానని మాటిచ్చి, పాత కంపెనీ బైఅవుట్‌కి (మిగిలిన నోటీసు రోజులకు డబ్బు కట్టించుకుని వదిలేయడానికి) ఒప్పుకోకపోతే ఇద్దరి దగ్గరా మాట పోతుంది.

‘మీరు సెలెక్ట్ అయ్యారు’ అనే ఫోన్ కాల్ ఆఫర్ కాదు. లెటర్ మెయిల్‌లో వచ్చి, అందులో హోదా, ఊరు, జీతం, చేరే తేదీ నాలుగూ మీకు చెప్పినట్టే ఉన్నాయని చూసి, అంగీకరిస్తూ తిరిగి పంపాకే రాజీనామా పెట్టండి. వాళ్లు చెప్పిన తేదీ దాటి రెండు పనిదినాలైనా కబురు లేకపోతే ఒక మెయిల్ పెట్టండి, వారానికి ఇంకోటి. ఆపైన జవాబు రాకపోతే వేరేచోట చూసుకోవడమే.

ముందురాత్రి చూడాలంటే

ఒక్కోటి 22 నిమిషాలే కాబట్టి రెండు చూడొచ్చు, అంతకుమించితే నిద్ర పాడవుతుంది. నోరు జారుతుందని భయపడేవాళ్లు అయిదో సీజన్ 17వ ఎపిసోడ్, ఎనిమిదో సీజన్ 21వది చూడండి. రెజ్యూమె ఇంకా పంపనివాళ్లు మూడో సీజన్ పదోది. రాసుకున్నదాంట్లో ఏదైనా గుచ్చుకుంటుంటే పదో సీజన్ 13, గూచీ గొడవ దాని తర్వాతిదే. మోనికా వంట మొదటి సీజన్ 15లో ఉంది, అది మాత్రం ఆఫర్ వచ్చాక, కడుపు నిండా తిని చూడాల్సిన ఎపిసోడ్.